నీటిమట్టం ఎంత వేగంగా పెరుగుతోంది? – పాఠకుల గణిత ప్రశ్నలకు సమాధానాలు

ఈ నెల కడప కార్యాలయానికి వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఇంటర్మీడియట్ గణితంలోని ‘అవకలజాల అనువర్తనాలు’ అధ్యాయం చుట్టూనే తిరిగాయి. ఒక రాశి మారే రేటునే అవకలజం అంటారు, దాన్ని రాబట్టడమే అవకలనం. విద్యార్థులు రాసినవి కొన్ని ఉన్నాయి; లెక్కలతో పని వదిలి ముప్పై ఏళ్లు దాటిన పెద్దలు వార్తాపత్రిక చదువుతూ కలిగిన అనుమానంతో రాసినవీ ఉన్నాయి. ఒకే తీరుగా ఉన్నవాటిని కలిపి, ఆరింటికి ఇక్కడ సమాధానం చెబుతున్నాను. సంకేతాలు చూసి బెదిరే పాఠకులు కూడా ఉన్నారు కనుక వీలైనంత వరకు మాటలలోనే రాశాను. వృత్తం చుట్టుకొలతను వ్యాసంతో భాగిస్తే వచ్చే, దాదాపు 3.1416 విలువ గల సంఖ్యను మాత్రం ‘పై’ అని కొటేషన్లలో రాశాను.

ప్రశ్న: శంకువు ఆకారపు తొట్టి ఒకటి మొన కిందికి ఉండేట్లు నిలబెట్టి ఉంది. దాని ఎత్తు 6 మీటర్లు, పైభాగంలో వ్యాసార్ధం 3 మీటర్లు. నిమిషానికి 2 ఘనపు మీటర్ల చొప్పున నీరు చేరుతుంటే, నీటి లోతు 4 మీటర్లు ఉన్న క్షణంలో నీటిమట్టం ఎంత వేగంగా పెరుగుతుంది? నేను సూత్రం సరిగానే రాశాను, అవకలనం కూడా సరిగానే చేశాను. అయినా నా జవాబు పుస్తకంలోని జవాబుకు సరిగ్గా మూడు రెట్లు వస్తోంది. మా తరగతిలో ఇంకో ఇద్దరికి కూడా ఇదే వచ్చింది.
– ఇంటర్ మొదటి సంవత్సరం విద్యార్థిని, కర్నూలు

జవాబు: మీరు జతచేసిన కాగితం చూశాను. సూత్రంలో తప్పు లేదు, అవకలనంలో తప్పు లేదు. సంఖ్యను సూత్రంలో పెట్టిన సమయమే తప్పు. లోతు 4 మీటర్లు ఉన్నప్పుడు నీటి ఉపరితలం వ్యాసార్ధం 2 మీటర్లని సరూప త్రిభుజాలతో సరిగానే రాబట్టారు. తరువాత ఆ 2ను వెంటనే శంకువు ఘనపరిమాణ సూత్రంలో పెట్టి, ఘనపరిమాణం ‘పై’ని 4తో గుణించి 3తో భాగించి ఎత్తుతో హెచ్చించినంత అని రాసి, ఆ పైన కాలం దృష్ట్యా అవకలనం చేశారు.

వ్యాసార్ధాన్ని 2 అని ఖాయం చేసిన ఆ పంక్తితోనే మీరు అడిగిన తొట్టిని వదిలి వేరే తొట్టిలోకి వెళ్లిపోయారు. మీరు రాసిన సమీకరణంలో ఘనపరిమాణం ఎత్తుకు నేరుగా అనులోమంగా ఉంది. కింది నుంచి పై దాకా ఒకే వెడల్పు ఉన్న నిలువు గొట్టంలో తప్ప అలా జరగదు. ఆ గొట్టం అడ్డుకోత వైశాల్యం ఎంత? ‘పై’ని 4తో గుణించి 3తో భాగించినంత, అంటే మన శంకువులో ఆ క్షణాన ఉన్న నీటి ఉపరితల వైశాల్యంలో సరిగ్గా మూడో వంతు. మూడో వంతు వైశాల్యం ఉన్న గొట్టంలో అదే ధారతో నీరు పోస్తే మట్టం మూడు రెట్లు వేగంగా లేస్తుంది. మీ జవాబులోని మూడు రెట్లు అక్కడి నుంచి వచ్చాయి. మీ ముగ్గురికీ ఒకే తప్పు జవాబు రావడంలో వింత లేదు. మీరు ముగ్గురూ ఆ గొట్టం లెక్కను తప్పు లేకుండా చేశారు.

సరైన దారి ఇది. వ్యాసార్ధం ఏ క్షణంలోనైనా ఎత్తులో సగం అన్న సంబంధాన్ని మాత్రమే సూత్రంలో పెట్టండి; ఇది అన్ని క్షణాలలో నిజం కనుక పెట్టవచ్చు. అప్పుడు ఘనపరిమాణం = ‘పై’ × ఎత్తు ఘనం ÷ 12 అవుతుంది. దీన్ని కాలం దృష్ట్యా అవకలనం చేస్తే, ఘనపరిమాణం మార్పు రేటు = (‘పై’ × ఎత్తు వర్గం ÷ 4) × ఎత్తు మార్పు రేటు. ఇప్పుడు ఎత్తు స్థానంలో 4 పెట్టండి. ఎడమవైపు 2, కుడివైపు 4 ‘పై’ సార్లు ఎత్తు మార్పు రేటు. కాబట్టి మట్టం నిమిషానికి 1 ÷ (2 × ‘పై’) మీటర్లు, అంటే దాదాపు 16 సెంటీమీటర్ల చొప్పున పెరుగుతోంది.

దీన్ని సరిచూసుకోవడానికి ఇంకో మార్గం ఉంది. పైన వచ్చిన ‘పై’ × ఎత్తు వర్గం ÷ 4 అనేది ఆ క్షణంలో నీటి ఉపరితల వైశాల్యమే. వ్యాసార్ధం ఎత్తులో సగం కదా. అతి స్వల్ప కాలంలో చేరిన నీరు ఆ ఉపరితలం మీద పలుచని పొరగా పరుచుకుంటుంది, ఆ పొర మందమే మట్టంలో పెరుగుదల. కనుక వచ్చే నీటిని ఉపరితల వైశాల్యంతో భాగిస్తే చాలు: 2 ÷ (4 × ‘పై’). అదే జవాబు. పాత్ర శంకువైనా, గోళమైనా, ఊరి చెరువులాగా పేరు పెట్టలేని ఆకారమైనా ఈ సంబంధం మారదు.

ఇదే లెక్కలో జవాబు సున్నా వచ్చిందని మరో ఇద్దరు రాశారు. వారు ఎత్తు, వ్యాసార్ధం రెండింటినీ ముందే సంఖ్యలుగా మార్చి, స్థిరరాశిని అవకలనం చేశారు. సమస్యలో ఇచ్చిన ప్రతి సంఖ్య పక్కన ‘ఎప్పుడూ’ అనో ‘ఆ క్షణంలో మాత్రమే’ అనో రాసుకునే అలవాటు చేసుకుంటే ఈ రెండు తప్పులూ పోతాయి. తొట్టి కొలతలు 6, 3 మొదటి జాతివి; నిమిషానికి 2 ఘనపు మీటర్లన్నది కూడా ఈ లెక్కలో మొదటి జాతిదే. లోతు 4 రెండో జాతిది, అది అవకలనం పూర్తయ్యేదాకా బయటే నిలబడాలి. నేను దిద్దిన జవాబు పత్రాలలో ఈ అధ్యాయంలో పోయిన మార్కులలో సగానికి పైగా ఈ ఒక్క తొందరపాటు వల్ల పోయినవే అని నా అభిప్రాయం.

ప్రశ్న: 2009 అక్టోబరులో మా ఊరు వరదలో మునిగినప్పటి నుంచి శ్రీశైలం జలాశయం లెక్కలు రోజూ పేపరులో చూడటం నాకు అలవాటైంది. ‘వరద తగ్గుముఖం’ అని శీర్షిక పెట్టిన రోజున కూడా లోపల చదివితే నీటిమట్టం పెరిగినట్లే ఉంటుంది. వరద తగ్గితే మట్టం తగ్గాలి కదా? పైగా అడుగున ఉన్నప్పుడు మట్టం గబగబా లేస్తుంది, నిండుకుండ కాబోయే ముందు నత్తనడక నడుస్తుంది. దీనికి కూడా మీ అవకలనంతో ఏమైనా సంబంధం ఉందా?
– విశ్రాంత ఉద్యోగి, కర్నూలు

జవాబు: సంబంధం ఉండటమే కాదు, పై విద్యార్థిని అడిగిన శంకువు లెక్కను మీరు రోజూ పేపరులో చదువుతున్నారు. కాకపోతే మీ తొట్టి పూర్తి మట్టం సముద్రమట్టానికి 885 అడుగులు, నిల్వ సామర్థ్యం 215.8 టీఎంసీలు.

ముందు కొలమానాలు చక్కబెట్టుకుందాం. ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. అది నిల్వకు కొలత. ఒక క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు. అది రేటుకు కొలత. రోజుకు 86,400 సెకన్లు కనుక 11,574 క్యూసెక్కుల నీరు రోజంతా ప్రవహిస్తే ఒక టీఎంసీ అవుతుంది. ఇన్‌ఫ్లోలోంచి ఔట్‌ఫ్లో తీసేస్తే వచ్చేదే నిల్వ మార్పు రేటు, అంటే కాలం దృష్ట్యా నిల్వ యొక్క అవకలజం. ఆవిరయ్యే నీటిని ఇక్కడ లెక్కలోకి తీసుకోవడం లేదు.

ఇప్పుడు ఊహించిన సంఖ్యలతో నాలుగు రోజులు చూడండి. ఔట్‌ఫ్లో నాలుగు రోజులూ 80 వేల క్యూసెక్కులే అనుకుందాం. సోమవారం ఇన్‌ఫ్లో 3,11,000. నికరంగా 2,31,000, అంటే రోజుకు దాదాపు 20 టీఎంసీల చొప్పున నిల్వ పెరుగుతోంది. మంగళవారం ఇన్‌ఫ్లో 1,96,000కు పడిపోయింది. పెరుగుదల రేటు రోజుకు 10 టీఎంసీలు. బుధవారం 80,000, రేటు సున్నా. గురువారం 50,000, రోజుకు 2.6 టీఎంసీల చొప్పున నిల్వ తగ్గుతోంది. మంగళవారం పేపరు ‘వరద తగ్గుముఖం’ అని రాయడం నిజమే, మట్టం పెరగడం కూడా నిజమే. తగ్గింది నిల్వ కాదు, నిల్వ పెరిగే రేటు. గణిత పరిభాషలో మొదటి అవకలజం ధనాత్మకంగానే ఉంది, రెండో అవకలజం, అంటే ఆ రేటు మారే రేటు, రుణాత్మకం. జలాశయం గరిష్ఠ మట్టాన్ని చేరేది ఇన్‌ఫ్లో గరిష్ఠంగా ఉన్న రోజున కాదు. ఇన్‌ఫ్లో తగ్గుతూ వచ్చి ఔట్‌ఫ్లోతో సమానమైన క్షణాన. నది ఒడ్డున ఉండే మీవంటివారు మంగళవారం ఇన్‌ఫ్లో తగ్గడం చూసి గండం గడిచిందని అనుకోకుండా, ఇన్‌ఫ్లో, ఔట్‌ఫ్లోల తేడా ఏ రోజున సున్నా అవుతుందో చూడటం మేలు.

మీ రెండో పరిశీలన ఇంకా చక్కనిది. మట్టం పెరిగే వేగం అంటే నికరంగా చేరే నీటిని ఆ మట్టం వద్ద నీరు పరుచుకున్న వైశాల్యంతో భాగించినంత. ఒక టీఎంసీని ఒక్క అడుగు లోతున పరిస్తే అది దాదాపు 93 చదరపు కిలోమీటర్లు ఆక్రమిస్తుంది. ఈ ఒక్క సంఖ్య గుర్తుంటే చాలు. నీటి వ్యాప్తి 93 చదరపు కిలోమీటర్లున్న మట్టంలో ఒక అడుగుకు ఒక టీఎంసీ పడుతుంది, 465 చదరపు కిలోమీటర్లున్న మట్టంలో ఐదు టీఎంసీలు పడతాయి. రోజుకు 10 టీఎంసీలు చేరే అదే వరద మొదటి చోట రోజుకు 10 అడుగుల చొప్పున మట్టాన్ని లేపుతుంది, రెండో చోట 2 అడుగుల చొప్పున. నల్లమల లోయలో ఇరుకుగా మొదలై పైకి పోయేకొద్దీ విశాలమయ్యే జలాశయం కనుక మీరు చెప్పిన నత్తనడక తప్పదు. అయితే 10 అడుగులన్నది ఆ క్షణపు రేటు మాత్రమే. నీరు పెరిగేకొద్దీ వైశాల్యమూ పెరుగుతుంది కనుక మరునాటికి నిజంగా పెరిగేది అంతకంటె తక్కువే.

ప్రశ్న: మా పొలంలో ఒక పాత రాతి గోడ ఉంది. దానికి ఆనించి మిగిలిన మూడు వైపులా ఇనుప జాలితో దీర్ఘచతురస్రాకారంగా గొర్రెల దొడ్డి కట్టాలనుకుంటున్నాను. జాలి 120 మీటర్లు ఉంది. డిగ్రీ చదివే మా అబ్బాయి లెక్క వేసి, గోడ వెంట 60 మీటర్లు, అడ్డంగా 30 మీటర్లు పెడితే 1,800 చదరపు మీటర్లు వస్తుందని, అంతకు మించి రాదని చెప్పాడు. తీరా కొలిస్తే గోడ 50 మీటర్లే ఉంది. అవకలజం సున్నా అయ్యే చోటు మా గోడ మీద లేదు. ఇప్పుడేం చేయాలి?
– రైతు, కళ్యాణదుర్గం, అనంతపురం జిల్లా

జవాబు: మీ అబ్బాయి లెక్క తప్పు కాదు; ఆయనకు గోడ కొలత అందలేదు, అంతే. అవకలజం సున్నా అయిన చోటే గరిష్ఠం ఉంటుందని చాలామంది అనుకుంటారు. వాస్తవానికి మూడు రకాల చోట్ల వెతకాలి: అవకలజం సున్నా అయ్యే బిందువులు, అంతరం (చలరాశి తిరగగల పరిధి) చివరలు, అవకలజం అసలు నిర్వచితం కాని బిందువులు. మూడో రకానికి పాఠ్యపుస్తకాలలో సరైన ఉదాహరణ దొరకడం అరుదు. మీ గోడ ఆ లోటు తీర్చింది.

గోడ వెంట పొడవు 50 మీటర్ల లోపు ఉన్నంతవరకు ఆ వైపు జాలి అక్కరలేదు. పొడవు పోగా మిగిలిన జాలిలో సగం వెడల్పు అవుతుంది. అప్పుడు వైశాల్యం అవకలజం, 60లోంచి పొడవును తీసేసినంత. పొడవు 50 వద్ద అది 10. అంటే వైశాల్యం ఇంకా పెరిగే దారిలోనే ఉంది. పొడవును 50 దాటించాలంటే గోడ లేని మేర కూడా జాలి కట్టాలి, కాబట్టి సూత్రం మారిపోతుంది. వెడల్పు 85లోంచి పొడవు తీసేసినంత, వైశాల్యం అవకలజం 85లోంచి పొడవుకు రెండింతలు తీసేసినంత. 50 వద్ద అది రుణాత్మకం, మైనస్ 15. ఎడమవైపు నుంచి వస్తే 10, కుడివైపు నుంచి వస్తే మైనస్ 15. రెండూ ఒకటి కావు కనుక సరిగ్గా 50 వద్ద అవకలజం లేదు. అయినా గరిష్ఠం అక్కడే ఉంది. గోడ వెంట 50, అడ్డంగా 35, మొత్తం 1,750 చదరపు మీటర్లు. నమ్మకం కుదరకపోతే పొడవు 49 పెట్టి చూడండి, 1,739.5 వస్తుంది, 51 పెట్టి చూడండి, 1,734 వస్తుంది.

ఇక మీకు పనికివచ్చే మాట. ఎడమవైపు వచ్చిన ఆ 10కి అర్థం ఉంది: గోడను ఒక్క మీటరు పొడిగిస్తే దొడ్డి సుమారు 10 చదరపు మీటర్లు పెరుగుతుంది. రెండో మీటరుకు అంతకంటె తక్కువ, మూడో దానికి ఇంకా తక్కువ. గోడను పూర్తిగా 60 మీటర్లకు పొడిగించినా మొత్తం మీద కలిసివచ్చేది 50 చదరపు మీటర్లే. రాయి, కూలి ధరలు మీకు నాకంటె బాగా తెలుసు. నన్నడిగితే గోడ జోలికి పోకండి.

ప్రశ్న: రెండో అవకలజం ధనాత్మకమైతే కనిష్ఠం, రుణాత్మకమైతే గరిష్ఠం అని చదివాం. సున్నా వస్తే ఏమనాలి?
– విద్యార్థి, ప్రొద్దుటూరు

జవాబు: ఏమీ అనకూడదు. ఆ పరీక్ష అక్కడ మౌనం వహించింది, అంతే. చలరాశి నాల్గవ ఘాతానికి సున్నా వద్ద కనిష్ఠం ఉంది, మూడవ ఘాతానికి ఏదీ లేదు. రెండింటికీ అక్కడ రెండో అవకలజం సున్నాయే. అటువంటప్పుడు మొదటి అవకలజం గుర్తు ఆ బిందువుకు ముందు ఎలా ఉందో, తరువాత ఎలా ఉందో చూడండి. గుర్తు మారకపోతే గరిష్ఠమూ కాదు, కనిష్ఠమూ కాదు.

ప్రశ్న: మా నూనె మిల్లులో వేరుశనగ నూనెను 5 లీటర్ల గుండ్రటి రేకు డబ్బాలలో నింపుతాము. మా అమ్మాయి గణిత పుస్తకంలో, తక్కువ రేకుతో ఎక్కువ పట్టాలంటే స్థూపం ఎత్తు దాని వ్యాసంతో సమానంగా ఉండాలని చదివాను. బజారులో ఏ డబ్బా చూసినా పొడుగ్గానే ఉంటుంది. తయారుచేసేవారికి లెక్క తెలియదా, లేక పుస్తకం తప్పా?
– నూనె మిల్లు యజమాని, అనంతపురం

జవాబు: రెండూ కాదు. పుస్తకం ఒక ప్రశ్నకు జవాబు చెబుతోంది, రేకు కత్తిరించేవాడు మరో ప్రశ్నకు జవాబు చెబుతున్నాడు.

పుస్తకంలోని ప్రశ్నలో డబ్బాకు అంటుకున్న రేకును మాత్రమే లెక్కిస్తారు. 5 లీటర్లంటే 5,000 ఘనపు సెంటీమీటర్లు. ఆ నిబంధనతో ఎత్తును వ్యాసార్ధం ద్వారా రాసి, ఉపరితల వైశాల్యాన్ని అవకలనం చేసి సున్నాకు సమానం చేస్తే, వ్యాసార్ధం దాదాపు 9.27 సెంటీమీటర్లు, ఎత్తు 18.53 సెంటీమీటర్లు వస్తాయి. ఎత్తు, వ్యాసం ఒకటే. రేకు 1,619 చదరపు సెంటీమీటర్లు.

మీ పనివాడు పై మూతను, అడుగు బిళ్లను గుండ్రంగా కొనలేడు. చతురస్రపు ముక్కల నుంచి కోస్తాడు, నాలుగు మూలల్లోని తుక్కు రేకుకు కూడా మీరు డబ్బు కట్టారు. కాబట్టి ఒక్కొక్క బిళ్లకు వృత్తం వైశాల్యం కాక, వ్యాసం వర్గమంత రేకు లెక్కించాలి. ఈ కొత్త ప్రమేయాన్ని అవకలనం చేస్తే వ్యాసార్ధం ఘనానికి 8 రెట్లు ఘనపరిమాణానికి సమానం కావాలని వస్తుంది. వ్యాసార్ధం 8.55, ఎత్తు 21.77 సెంటీమీటర్లు. అంటే ఎత్తు వ్యాసానికి సుమారు 1.27 రెట్లు; బజారులో మీరు చూసిన పొడుగు డబ్బా వైపే లెక్క మొగ్గింది. తుక్కు రేకును మీరు తిరిగి అమ్ముకుంటే మళ్లీ కొంత పుస్తకం వైపు జరుగుతుంది. అంచుల మడతకు పట్టే రేకును, పెట్టెలో డబ్బాలు పేర్చే తీరును కలిపితే ఇంకా మారుతుంది. మీ దగ్గర ఏది ఖర్చో అది ప్రమేయంలోకి రావాలి. అవకలనం చేయడం రెండు నిమిషాల పని, ఏది ఖర్చో రాసుకోవడానికే సమయం పడుతుంది.

అయితే కొలతలు మార్చడానికి తొందరపడి కొత్త అచ్చులు చేయించకండి. తుక్కుతో కలిపి లెక్కించినప్పుడు ఉత్తమమైన డబ్బాకు 1,754 చదరపు సెంటీమీటర్ల రేకు పడుతుంది. పుస్తకంలోని డబ్బాను అదే పద్ధతిలో కోస్తే 1,766. తేడా పన్నెండు చదరపు సెంటీమీటర్లు, ఒక శాతం కూడా లేదు. వ్యాసార్ధం ముప్పావు సెంటీమీటరు దాకా మారినా ఖర్చు ఇంచుమించు కదలలేదు. అవకలజం సున్నా కావడం అంటే ఇదే: ఆ చోట వక్రరేఖ బల్లపరుపుగా ఉంటుంది, కాస్త అటూ ఇటూ జరిగినా విలువ పెద్దగా మారదు. ఈ సంగతిని, అవకలన గణితాన్ని రూపొందించిన న్యూటన్, లైబ్నిట్జ్‌ల కంటె ముందే ఖగోళ శాస్త్రవేత్త కెప్లర్ గమనించాడు. ఆయన 1613లో లింజ్ నగరంలో తన రెండో పెళ్లికి ద్రాక్షసారా కొన్నప్పుడు, వర్తకుడు పీపాలోకి ఒక కర్రను ఏటవాలుగా దించి అది తడిసిన పొడవును బట్టి వెల కట్టడం చూశాడు. ఆ పద్ధతి మీద అనుమానం కలిగి, పీపాల ఘనపరిమాణాల మీద 1615లో ఒక పుస్తకమే ప్రచురించాడు. గరిష్ఠం దగ్గర రెండు వైపులా మార్పు మొదట్లో కంటికి ఆననంత తక్కువగా ఉంటుందని, అందువల్లనే పీపాల తయారీలో చిన్న తేడాలు వచ్చినా వర్తకుడి కొలత పెద్దగా తప్పదని ఆయన అందులో గుర్తించాడు. కళ్యాణదుర్గం రైతు గోడ దగ్గర ఈ వెసులుబాటు లేదు. అక్కడి శిఖరం మొనదేలి ఉంది. ఒక్క మీటరు జరిగితే పది పదిహేను చదరపు మీటర్లు పోతాయి.

ప్రశ్న: చలన సమస్యలు చెప్పేటప్పుడు రెండు అపోహలను నేను పోగొట్టలేకపోతున్నాను. త్వరణం రుణాత్మకమైతే బండి నెమ్మదిస్తున్నట్లే అని పిల్లలు రాస్తున్నారు. వేగం సున్నా అయిన క్షణంలో త్వరణం కూడా సున్నా అని రాస్తున్నారు. సూత్రాలు అన్నీ వచ్చు, అయినా ఇదే తప్పు. ఏ ఉదాహరణతో మొదలుపెట్టమంటారు?
– ఉపాధ్యాయురాలు, కడప

జవాబు: మేడమ్, ‘వడి’, ‘వేగం’ అనే రెండు మాటలను మన వాడుక భాష ఒకటిగా కలిపేసింది. మొదటి అపోహకు మూలం అక్కడే ఉంది. వడికి దిశ లేదు, వేగానికి దిశ ఉంది, త్వరణం అనేది వేగం యొక్క అవకలజం. వడి యొక్క అవకలజం కాదు. పిల్లలు త్వరణం గుర్తును చూసి వడి గురించి తీర్పు చెబుతున్నారు.

పాఠ్యపుస్తకాలలో తరచు కనిపించే ఒక సమీకరణాన్నే తీసుకుని, దానికి ఒక ఆటోను తగిలించండి. రాయచోటి దారిలో ఒక మైలురాయిని ఆటో దాటిన క్షణం నుంచి కాలాన్ని నిమిషాలలో, రాయి నుంచి దూరాన్ని వందల మీటర్లలో కొలుద్దాం. దూరం = కాలం ఘనం, మైనస్ 6 సార్లు కాలం వర్గం, ప్లస్ 9 సార్లు కాలం. ఒకసారి అవకలనం చేస్తే వేగం వస్తుంది. అది కాలం 1, 3 నిమిషాల వద్ద సున్నా అవుతుంది. మళ్లీ చేస్తే త్వరణం, 6 సార్లు కాలం మైనస్ 12. కాలం 2 నిమిషాలు అయ్యేదాకా అది రుణాత్మకమే.

మొదటి నిమిషంలో ఆటో ముందుకు పోతోంది, త్వరణం రుణాత్మకం, నెమ్మదిస్తోంది. ఇక్కడ పిల్లల మాట నిజం. రాయికి 400 మీటర్ల దూరంలో ఆగింది. ఎవరో సంచి మరచిపోయి దిగారు అనుకోండి, డ్రైవరు వెనక్కి తిప్పాడు. ఒకటో నిమిషం నుంచి రెండో నిమిషం దాకా త్వరణం ఇంకా రుణాత్మకమే, కానీ వేగమూ రుణాత్మకం కనుక ఆటో వెనుక దిశలో వడి పుంజుకుంటోంది. రెండో నిమిషానికి గంటకు 18 కిలోమీటర్ల వడి అందుకుంది. రెండు నుంచి మూడు దాకా త్వరణం ధనాత్మకం, అయినా ఆటో నెమ్మదిస్తోంది, మూడో నిమిషానికి మైలురాయి దగ్గర ఆగింది. ఆ తరువాత మళ్లీ ముందుకు. వేగం, త్వరణం రెండింటి గుర్తూ ఒకటైతే వడి పెరుగుతుంది, వేరైతే తగ్గుతుంది. ఈ వాక్యాన్ని మీరు చెప్పకండి. నల్లబల్ల మీద నాలుగు నిమిషాల పట్టిక వేయించి, పిల్లల చేతనే చెప్పించండి. అదే పట్టికతో ఇంకో పని కూడా అవుతుంది. నాలుగు నిమిషాల తరువాత ఆటో రాయికి 400 మీటర్ల దూరంలో ఉంది, కానీ ప్రయాణించింది 1,200 మీటర్లు. ఆటోలోని మీటరుకు కనబడేది 1,200, స్థానభ్రంశం (మొదటి చోటు నుంచి చివరి చోటుకు ఉన్న దూరం) 400. ఆగిన క్షణాలను గుర్తించకుండా చివరి విలువలోంచి మొదటి విలువ తీసేసేవారు ఈ 800 మీటర్ల డబ్బు పోగొట్టుకుంటారు.

రెండో అపోహకు నిట్టనిలువుగా విసిరిన రాయిని మించిన ఉదాహరణ లేదు. సెకనుకు 19.6 మీటర్ల వేగంతో విసిరితే, గాలి నిరోధాన్ని వదిలేస్తే, 2 సెకన్లకు 19.6 మీటర్ల ఎత్తున దాని వేగం సున్నా అవుతుంది. త్వరణం మాత్రం మొదటి నుంచి చివరి దాకా మైనస్ 9.8. ఆ క్షణంలో త్వరణం కూడా సున్నా అనే విద్యార్థిని ఒక్క ప్రశ్న అడగండి: వేగం సున్నా, దాన్ని మార్చేదీ సున్నా అయితే రాయి కిందికి ఎందుకు వస్తుంది? దాన్ని అక్కడే వేలాడనివ్వమనండి.

ఇంకో సంగతి మీ తరగతికి ఆసక్తి కలిగించవచ్చు. భాస్కరాచార్యుడు 1150 ప్రాంతంలో గ్రహగతుల గురించి రాస్తూ, రోజు మొత్తానికి సగటున తీసిన గతి వేరు, ఒక క్షణానికి చెందిన ‘తాత్కాలిక గతి’ వేరు అని స్పష్టంగా విడదీశాడు. చంద్రుడి వంటి వేగంగా కదిలే గ్రహానికి రోజువారీ సగటు సరిపోదు కనుక ఆయనకు ఆ అవసరం కలిగింది. గ్రహం మధ్యమ స్థానానికీ (సగటు గతితో లెక్కించినది) స్ఫుట స్థానానికీ (నిజంగా ఉన్నది) తేడాను ‘ఫలం’ అంటారు. ఆ ఫలం గరిష్ఠమైన చోట గతికి చేయవలసిన సవరణ సున్నా అవుతుందని కూడా ఆయన గుర్తించాడు. మీ పట్టికలో ఒకటో నిమిషం దగ్గర పిల్లలు చూసేది అదే. ఆటో మైలురాయి నుంచి అతి దూరాన ఉన్న ఆ క్షణంలో దాని వేగం సున్నా, త్వరణం మైనస్ 6.